విత్తనానికి విడిచిన కాయ

ఇంటి పెరట్లో కూరగాయలు పండించడం గింజను చూసుకోవడంతో మొదలవుతుంది. మంచి గింజ నిండుగా ఉంటుంది, వేళ్ల మధ్య నొక్కితే లొంగదు. బీర గింజ నల్లగా, గరుకుగా, గట్టిగా ఉండాలి. తెల్లగా, పల్చగా ఉందంటే కాయ ముదరకముందే కోసి తీసిందన్నమాట. సొర, గుమ్మడి, దోస గింజల్లో పొల్లు ఎక్కువ. నీళ్లలో వేసినప్పుడు తేలేవాటిని చాలావరకు వదిలేయవచ్చు. వంగ, టమాట, మిరప గింజలు మరీ చిన్నవి, వాటి మంచిచెడ్డలు కంటితో తేల్చడం కష్టం. ఒక 20 గింజలను తడిగుడ్డలో చుట్టి, వెచ్చని చోట ఉంచి, వారం పది రోజులకు ఎన్ని మొలిచాయో లెక్కపెట్టుకోవాలి. మన దేశంలో అమ్మే వంగ, టమాట విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక 70 శాతం, మిరపకు 60 శాతం. కాబట్టి 20 వంగ గింజల్లో 14 మొలిస్తే నిశ్చింతగా నారు పోసుకోవచ్చు.

కొట్లో కొనే ప్యాకెట్టుకు ముందువైపు నిగనిగలాడే కాయ బొమ్మ ఉంటుంది. కొనేవాళ్లు చదవాల్సిందంతా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది: రకం పేరు, పరీక్ష తేదీ, గడువు, మొలక శాతం. ఎండ పడే కొట్టు ముందు నెలల తరబడి వేలాడిన ప్యాకెట్టు గడువులోపలిదే అయినా నమ్మదగింది కాదు, వేడి గింజను లోపలే చంపుతుంది. గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటారు. నాటాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిగిలినవి కోళ్లకు వేయకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు.

ప్యాకెట్టు మీద ఎఫ్‌1 అని ఉంటే అది రెండు వేరువేరు వంశాలను కలిపి పుట్టించిన తొలితరం సంకరం. తొలితరం మొక్కలన్నీ ఏపుగా, ఒకే తీరుగా పెరిగి, దాదాపు ఒకేసారి కాపుకొస్తాయి. ఆ కాయలోని గింజ తీసి మళ్లీ నాటితే మాత్రం గుణాలు చెల్లాచెదురై మొక్కకో తీరుగా బయటపడతాయి. 19వ శతాబ్దంలో బఠాణీ మొక్కలతో మెండెల్ తేల్చిన సంగతే ఇది. అందువల్ల సంకరం వేసినవాళ్లు ప్రతి ఏడూ మళ్లీ కొట్టు మెట్లెక్కాల్సిందే. ఎకరాల్లో పండించి, ఒకే సైజు కాయను లారీకెత్తే రైతుకు సంకరం వల్ల లాభం ఉంది, ఆ లెక్కను కాదనలేం. నాలుగు పాదుల పెరటికి ఆ లెక్క పనికిరాదు. పెరటికి కావాల్సింది రెండు మూడు నెలలపాటు పూటకు సరిపడా వచ్చే కాపు. బుట్టెడు టమాటలు ఒకే వారంలో పండితే వాటిని ఇంటింటికీ పంచిపెట్టడమే పనవుతుంది. అయినా పట్నంలో కొట్టు కొట్టూ తిరిగినా చిన్న ప్యాకెట్లలో చేతికొచ్చేవి ఎక్కువగా సంకరాలే. వెనకటి పెద్దావిడలు కొంగున కట్టుకొచ్చి ఉత్తపుణ్యానికి ఇచ్చిన బీర గింజకు, చిక్కుడు గింజకు బదులుగా ఏటా డబ్బు పోసి, ఊరి రుచిని కూడా వదులుకోవడం పెరటి సేద్యానికి పట్టిన పెద్ద నష్టం. దీనికి విరుగుడు ఇంట్లోనే ఉంది. సంకరం కాని ఏ పాదులోనైనా ఒక కాయను కోయకుండా వదిలితే చాలు.

సంకరం కానివాటిని సూటి రకాలంటారు. బెంగళూరు శివార్లలో హెసరఘట్ట దగ్గర ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ టమాటలో అర్కా వికాస్, బెండలో అర్కా అనామిక వంటి మంచి సూటి రకాలిచ్చింది. ఢిల్లీ పూసా సంస్థ నుంచి వచ్చిన పూసా రూబీ టమాట, తెలుగు నేలకు అలవాటైన భాగ్యమతి, శ్యామల వంగ రకాలు కూడా ఈ కోవవే. పేరులో అర్కా ఉన్నంత మాత్రాన సూటి రకమని అనుకోకూడదు, అర్కా రక్షక్ టమాట సంకరం. వీటన్నిటికంటే ముందు వెతకాల్సింది మాత్రం ఆ ఊళ్లో, ఆ వీధిలో ఇప్పటికీ కాస్తున్న పాదు. ఆ నేలను, ఆ నీటిని, ఆ ఎండను ఓర్చుకున్న గింజ అదే.

గింజ కుదిరాక అదను కుదరాలి. జూన్ రెండో వారం నాటికి మృగశిర కార్తె వస్తుంది. తొలకరి పడి నేల చల్లబడ్డాక బీర, సొర, కాకర, పొట్ల, దోస పాదులు పెట్టాలి. బెండ, గోరుచిక్కుడు కూడా అప్పుడే. నీటి వసతి ఉంటే జనవరి చివర రెండో విడత. కాబేజీ, క్యారెట్, బఠాణీలు చలికాలానివి, వేసవిలో వాటి జోలికి పోకపోవడమే మేలు.

అదను మాట వచ్చినప్పుడు చిక్కుడును దాటి పోవడం కుదరదు. పందిరి చిక్కుడు పగటి పొద్దును బట్టి పూస్తుంది. పగళ్లు కుదించుకుని రాత్రులు పెరిగాకే మొగ్గ తొడుగుతుంది. ఏప్రిల్‌లో నాటినా, జూలైలో నాటినా పూత మొదలయ్యేది చలి ముఖం చూపించాకే. తొందరపడి వేసవిలో నాటినవాళ్ల పందిరి నిండా ఆకే ఉంటుంది, కాయ ఉండదు. ఎరువు చాలలేదేమోనని ఇంకా వేస్తే ఆకు మరింత పెరుగుతుంది. ఆషాఢ, శ్రావణాల్లో నాటిన పాదు సంక్రాంతికి గుత్తులు గుత్తులుగా కాస్తుంది. మంచు పడే ఉదయాల్లో లేత కొసల మీద పేనుబంక నల్లగా కమ్ముకుంటుంది. ఆకు తడి ఆరకముందే పొయ్యి బూడిద పలచగా చల్లితే అది చాలావరకు అదుపులో ఉంటుంది. రథసప్తమినాడు ఇదే చిక్కుడుకాయలకు ఈనెపుల్లలు గుచ్చి రథం కడతారు, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెడతారు. పొద్దును చూసి పూసే పాదు పొద్దు పండుగ నాటికి నిండు కాపులో ఉండడం ఈ కాయకు దక్కిన భాగ్యం. మార్కెట్లో ఏడాది పొడుగునా దొరికే చిక్కుడుకు ఆ భాగ్యమూ లేదు, ఆ వాసనా లేదు. పొద్దుతో పనిలేకుండా కాసే అర్కా జయ్, అర్కా విజయ్ వంటి పొట్టి రకాలు ఉన్నాయి. కుండీలకు అవి సరిపోతాయి. పందిరి కింద మంచం వాల్చుకునే నీడ మాత్రం వాటితో రాదు.

అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాల్లో ఉండే తెలుగువాళ్ల పెరళ్లలో ఈ గుణం ఎదురు తిరుగుతుంది. న్యూజెర్సీలో జూన్ పగలు దాదాపు 15 గంటలు. సెప్టెంబరు చివర పగలూ రాత్రీ సమానమయ్యేదాకా చిక్కుడు తీగ ఎగబాకుతూనే ఉంటుంది. మొగ్గ వేసి పిందె పట్టే వేళకు మంచు పడి తీగ నల్లబడుతుంది. అక్కడ పొట్టి రకాలే దిక్కు. గోంగూరదీ అదే స్వభావం, కానీ అక్కడది వరం. తిండికి కావాల్సింది ఆకు గనక, పూత ఆలస్యమైన కొద్దీ ఆకు కోతలు ఎక్కువవుతాయి. ఆ పెరళ్లలో గోంగూర గింజ పట్టేంత వ్యవధి మాత్రం ఉండదు.

ఇక నాటడం. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. లోతుగా పాతిన చిన్న గింజ పైకి రాలేక లోపలే కుళ్లుతుంది. బీర, కాకర, పొట్ల గింజల తొక్క మందం కాబట్టి రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ముక్కు పగిలాక పాదుకు మూడు నాలుగు చొప్పున పెట్టాలి. బీర మొలక మెడ వంచుకుని మట్టిని చీల్చుకు వస్తుంది. ఒక్కోసారి నల్లని తొక్క ఆకుల కొసలకు అంటుకునే ఉంటుంది. దాన్ని గోటితో లాగితే లేత ఆకు తెగిపోతుంది. నీటి చుక్కతో తడిపి వదిలేస్తే పూట తిరిగేలోపు అదే జారిపోతుంది. ఆ మొదటి జంట ఆకుల కోసం నారింజరంగు పెంకుపురుగులు కాచుకుని ఉంటాయి. పొద్దున్నే మందకొడిగా ఉన్నప్పుడు చేత్తో ఏరేయడం కంటే మంచి మందు లేదు.

తోటకూర గింజను ఇసుకలో కలిపి చల్లితే పలచగా పడుతుంది. చీమలు ఎత్తుకుపోకుండా మడి చుట్టూ బియ్యపు నూక చల్లుతారు, చీమలు దాని పని చూసుకునేలోగా గింజ మొలుస్తుంది. ధనియం ఒకటిగా కనిపించినా లోపల రెండు గింజలుంటాయి. చెప్పు అడుగుతోనో అరచేత్తోనో రుద్ది బద్దలు చేసి చల్లాలి. కొత్తిమీర మొలవడానికి 8 నుంచి 15 రోజులు పడుతుంది, నాలుగో రోజుకే లేచే మెంతిని చూసి కంగారు పడనక్కర్లేదు. వంగ, టమాట, మిరపలకు నారు పోసుకోవాలి. టమాట నారు 25 రోజులకు, మిరప 40 రోజులకు నాటుకొస్తుంది. నారు చచ్చేది దాహంతో కంటే నీరెక్కువై. మొదలు నీరుపట్టి నూలుపోగులా సన్నబడి ఒరిగిపోతే అది నారుకుళ్లు. ఎత్తు మడి, పలచని నారు, పొద్దుటి పూట మాత్రమే తడి ఉంటే అది దరిచేరదు. నారు పీకి నాటడం సాయంత్రం పూట చేయాలి. దొండకు మాత్రం గింజ వద్దు. మగ తీగ, ఆడ తీగ వేరువేరు కాబట్టి కాసే తీగ నుంచి తెచ్చిన ముక్కే నాటుకోవాలి.

పాదులు పందిరెక్కాక మొదట వచ్చేవి మగ పూలు. అవి రాలిపోతుంటే పాదు చెడిందని బెంగపడి మందులు కొట్టడం అనవసరం, వారం పది రోజుల్లో అడుగున బుల్లి పిందెతో ఆడ పూలు వస్తాయి. ఏ పువ్వు ఎప్పుడు విచ్చుతుందో తెలిస్తే సగం పని తెలిసినట్టే. గుమ్మడి, కాకర, నేతిబీర తెల్లవారుజామున విచ్చుతాయి, బీర సాయంత్రం విచ్చుతుంది, సొర తెల్లని పువ్వు పొద్దు గూకే వేళ రాత్రి పురుగుల కోసం తెరుచుకుంటుంది. మేడమీద తోటల్లో తేనెటీగలు రాకపోతే మగ పువ్వు కోసి, రేకులు తుంచి, పుప్పొడిని ఆడ పువ్వు కీలాగ్రం మీద అద్దాలి. బీరకు ఈ పని పొద్దున చేస్తే దండగ.

పిందె నిలిచాక విత్తనపు కాయను ఎంచుకోవాలి. పాదు బలంగా ఉన్నప్పుడు, తొలి కాపులో వచ్చిన తీరైన కాయకు దారమో గుడ్డపేలికో కట్టి ఉంచితే ఇంట్లో ఎవరూ పొరపాటున కోయరు. తీగ ఎండిపోయే ముందు మిగిలిన గిడసకాయను విత్తనానికి వదలడం చాలామంది చేసే పని. మరుసటేడు పాదు నీరసించడం అక్కడే మొదలవుతుంది. సొర, బీర, దోసల్లో కాయ కొస కొరికి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయను పారేయాలి. చేదు సొర తింటే ప్రాణం మీదికి రావచ్చు, దాని గింజ నాటితే ఆ చేదే మళ్లీ వస్తుంది.

బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజ గలగలలాడాలి. కొస మూత ఊడదీస్తే గింజలు వాటంతటవే రాలతాయి. వంకాయ పసుపురంగుకు తిరిగి మెత్తబడ్డాక పిసికి, నీళ్లలో కడిగి, అడుక్కు దిగిన గింజను తీసుకోవాలి. టమాట గింజను గుజ్జుతో సహా రెండు రోజులు పులియబెడితే చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. దోస, గుమ్మడి గింజలను పేడలో కలిపి గోడకు పిడకలా కొట్టే పద్ధతి పల్లెల్లో ఉండేది. బెండ, మిరప పూలను తేనెటీగలు కలగలుపుతాయి కాబట్టి రకం చెడకూడదనుకుంటే ఒకటి రెండు మొగ్గలకు పల్చని గుడ్డసంచి కట్టాలి. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం సొంత పంట గింజను దాచుకునే, మళ్లీ విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును రైతులకు రాసిచ్చింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ప్రాంతపు దళిత మహిళా రైతుల సంఘాలు దశాబ్దాలుగా మెట్ట పంటల విత్తనాలను ఇళ్లలోనే కాపాడుతూ పంచుకుంటున్నాయి.

తీసిన గింజను నీడలో ఆరబెట్టి, తర్వాత పొద్దుటి లేత ఎండ చూపించాలి. తేమ ఒక శాతం తగ్గితే గింజ ఆయుష్షు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో మోటు లెక్క. కోస్తా ఉక్కపోతలో కాగితం పొట్లం ఒక్కటే చాలదు. గాలి చొరబడని సీసాలో కాస్త పొడి బూడిద వేసి, దాని మీద పొట్లం పెట్టి మూత బిగించాలి. పొట్లం మీద రకం పేరు, గింజ తీసిన నెల రాయాలి. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మలేం, మిరప రెండేళ్లు, వంగ, టమాట మూడు నాలుగేళ్లు, తీగజాతులవి అంతకంటే కాస్త ఎక్కువే నిలుస్తాయి. సగం గింజను మరో ఇంటికి ఇచ్చి ఉంచాలి. ఒక ఇంట్లో కోతులో వానలో పాదును పాడుచేసినా, రకం రెండో ఇంట్లో దొరుకుతుంది.