మైకుకి ఒక అడుగు వెనక్కి

పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాళ్లకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. కృష్ణుడి వేషధారి పద్యం మొదలుపెట్టేటప్పుడు మైకుకి దగ్గరగా ఉంటాడు. చివర్లో రాగం ఎత్తుకోగానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. చూసేవాళ్లు అది అభినయం అనుకుంటారు గానీ, నిజానికి అదొక లెక్క. అంత గొంతూ సూటిగా మైకులోకి వెళ్తే స్పీకర్లు బరబరమంటాయి. మా చేబ్రోలు మండలంలోని సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్యగారు గొంతుతో పద్యం పాడి, ఈలతో రాగం పలికించేవారు. అలాంటి గొంతులు పుట్టిన నేల మాది.

రికార్డింగులో ఆ వెనకడుగు పని చేసే పరికరం పేరు కంప్రెసర్. ఫ్రిజ్ వెనకాల ఉండేది కాదు, ఇది వేరు! వాల్యూమ్ మీద చెయ్యి వేసి ఒక మనిషి కూర్చున్నాడనుకోండి. గొంతు పెరిగితే తగ్గిస్తాడు, తగ్గితే మళ్లీ మామూలుకి తెస్తాడు. అంతే దాని పని. 4:1 అని పెడితే, మనం పెట్టిన హద్దు దాటి 8 డెసిబెల్స్ పైకి పోయిన గొంతు 2 డెసిబెల్సే దాటినట్టు వస్తుంది.

అమెరికాలో జిమ్ లారెన్స్ అనే ఇంజనీరు ఆ చేతి పనిని వెలుగుకి అప్పజెప్పాడు. ఆయన చేసిన ఎల్ఏ-2ఏ లో శబ్దం పెరిగితే ఒక చిన్న పలక వెలుగుతుంది. దాని ఎదురుగా కాంతికి స్పందించే రెసిస్టర్ ఉంటుంది. వెలుగు పడగానే దాని నిరోధం తగ్గి, శబ్దానికి కళ్లెం పడుతుంది. గొంతు తగ్గాక ఆ పట్టు సగం వెంటనే వదులుతుంది, మిగతా సగం నెమ్మదిగా. ఎర్రటి ఎండలోంచి ఇంట్లోకొస్తే కళ్లు మెల్లగా సర్దుకుంటాయి చూడండి, అలాగన్నమాట. గొంతుకి అది మెత్తగా అనిపించేది అందుకే. 1967లో బిల్ పుట్నమ్ తెచ్చిన 1176 రకం వేరు. అది ట్రాన్సిస్టర్‌తో, సెకనులో 50 వేలో వంతులోనే పట్టేయగలదు. దరువులకి బాగుంటుంది. ఇప్పుడు ఈ పెట్టెల తీరునే అనుకరించే సాఫ్ట్‌వేర్లు మామూలు ల్యాప్‌టాప్‌లో దొరుకుతున్నాయి.

మా పెదనాన్న పద్యాలు రికార్డు చేయడానికి కూర్చున్నప్పుడు దీని విలువ తెలిసింది. ఆయన ఒకప్పుడు రాయబారంలో కృష్ణుడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, కుర్చీలో కూర్చునే పాడాలి. వెనకడుగు వేసే వీల్లేదు. పద్యం ఎత్తుగడలో మాట మెల్లగా వస్తుంది, రాగం మాత్రం ఇప్పటికీ పైకప్పు తాకుతుంది. మాట వినపడేలా వాల్యూమ్ పెంచితే రాగం పగులుతుంది. రాగానికి తగ్గిస్తే మాట పోతుంది.

ఒకే పద్యాన్ని రెండు రకాలుగా చేసి వినిపించాను. మొదటిది గట్టిగా నొక్కింది. కళ్లు మూసుకుని విన్నారు.

“ఏరా అబ్బాయ్, నా ఊపిరి నా గొంతు కన్నా పెద్దగా వినపడుతుందేంటి? రాగం ఎక్కినట్టే లేదు.”

ఆయన పట్టింది అక్షరాలా నిజం. పెద్ద శబ్దాన్ని బాగా నొక్కి మొత్తం మీద వాల్యూమ్ పెంచితే, అడుగున ఉన్న ఊపిరీ, ఫ్యాను చప్పుడూ పైకి తేలతాయి. మెట్లన్నీ ఒకే ఎత్తుకొస్తే ఎక్కడమేముంది? రెండోది ఎల్ఏ-2ఏ పద్ధతిలో, రాగం తారాస్థాయిలో కూడా మూడు నాలుగు డెసిబెల్స్ మాత్రమే తగ్గించింది. అది విని తల ఊపారు.

“ఇదీ! ఇక్కడ నేను వెనక్కి జరిగినట్టుంది.”

మంచి కంప్రెసర్‌కి ఇంతకన్నా మెచ్చుకోలు ఉండదనుకుంటాను. తను ఉన్నట్టు తెలియకుండా పని చేయాలి.

మీ ఇంట్లోనూ పాడే పెద్దవాళ్లు ఉంటే ఆలస్యం చేయకండి. ఫోను అయినా చాలు, కొంచెం దూరంగా పెట్టి, ఫ్యాను ఆపి పాడించండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఏ మార్పూ చేయని అసలు ఫైలుని విడిగా దాచండి. గట్టిగా నొక్కేసిన గొంతుని తర్వాత ఎవరూ పూర్తిగా మామూలుకి తేలేరు. అసలుది ఉంటే, మనకన్నా బాగా వినగలిగినవాళ్లు ఎప్పటికైనా దాన్ని మళ్లీ చక్కగా చేసుకోగలరు.