దీపం గూడు

రౌటర్‌ని నేను మొదట పెట్టింది నా టేబుల్ పక్కన. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటాను.

2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు గది ఖాళీ చేసి లేపాక్షి వచ్చేశాను. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను సరే, ఉద్యోగం నిలబడాలంటే నెట్ కావాలి. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ అప్పటికే మా వీధి దాకా వచ్చింది. కేబుల్ అబ్బాయి పంచ కిటికీలోంచి తీగ లోపలికి లాగి, గోడకి ఒక పెట్టె బిగించి వెళ్ళాడు. మిగతాది నా పని. రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న 192.168.1.1 బ్రౌజర్‌లో కొట్టి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెట్టి, సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 ఎంచుకున్నాను. నెట్‌వర్క్‌కి ‘జటాయువు’ అని పేరు పెట్టాను. రాముడు ‘లే పక్షీ’ అన్నది ఆయన్నే కదా. పావుగంటలో అయిపోయింది. మీటింగుల్లో నా మొహం ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆగింది లోపలింట్లో. అక్కడ మంచం మీద మా అవ్వ. తుంటి విరిగినప్పటి నుంచి ఆ గడప దాటి రాలేదు. కువైట్‌లో ఉన్న చిన్నాయన శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు వీడియో కాల్ చేస్తాడు. ఆ వేసవికి రావలసినవాడు, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. “అమ్మా, తిన్న్యావా?” అంటాడు, అంతలో బొమ్మ బిగుసుకుపోతుంది. సగం తెరిచిన నోటితో కొడుకు, వాణ్ణే చూస్తూ తల్లి.

“వానికి నా మింద కోపమేమో రా. మాట్లాడతా మాట్లాడతా ఊరకుంటాడు” అంది ఒక రోజు.

“సిగ్నల్ లేదు లే అవ్వా” అని వచ్చి మీటింగ్‌లో కూర్చున్నాను.

మాది పాతకాలపు రాతి ఇల్లు. గోడలు రెండడుగుల మందం. గుడిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అంత పెద్ద రాతి కిందా గుడ్డ పట్టేంత సందుంది, మా గోడలో వైఫైకి లేదు. రౌటర్ రెండు రకాల తరంగాలు పంపుతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, కానీ గోడ అడ్డమొస్తే తొందరగా నీరసిస్తుంది. 2.4 కాస్త నెమ్మది, కానీ కాస్త దూరం పోతుంది. మా లోపలింటికి అదీ అరకొరగానే చేరేది. మధ్యలో రిపీటర్ పెడదామంటే హిందూపురంలో షాపులన్నీ మూసేసి ఉన్నాయి.

ఫోన్ పట్టుకుని గీతలు లెక్కపెడుతూ ఇల్లంతా తిరుగుతుంటే అవ్వ మంచం మీద నుంచే అడిగింది. “ఏం ఎతుకుతాండావు రా?”

“దాన్ని యాడ పెడితే నీకు అందుతుందో చూస్తాండా.”

“దీపం గూట్లో పెట్టు. కరెంటు లేనప్పుడు ఒగే బుడ్డి. ఆడ పెడితే పంచకీ ఎలుగు పడేది, ఈడికీ పడేది.”

నడిమింటి పక్క గోడలో ఉంది ఆ గూడు. లోపల నల్లగా మసి. అక్కడ నిలబడి చూస్తే ఒకవైపు పంచ వాకిలి, ఇంకోవైపు అవ్వ మంచం కనిపిస్తున్నాయి. వైఫై కూడా వెలుగు జాతిదే. రాతిలోంచి పోలేనిది వాకిట్లోంచి పోతుంది. నేను ఇంజనీరింగ్ చదివాను. ఆ మాట మాత్రం అవ్వ చెప్పింది.

బెంగళూరు సామాన్లలో పదిహేను మీటర్ల ల్యాన్ కేబుల్ దొరికింది. పంచలోని పెట్టె నుంచి గడప పక్కగా దాన్ని లాగి, రౌటర్‌ని గూట్లో పెట్టి, యాంటెనాలు నిలువుగా తిప్పాను. రెండు బ్యాండ్లకీ వేరే పేర్లిచ్చి, అవ్వ ఫోన్‌ని 2.4కి కలిపాను. నా టేబుల్ దగ్గర రెండు గీతలు తగ్గాయి. ఆ వారం మీటింగ్‌లో ఎవరో “మీ వీడియో ఆగిపోతోంది” అన్నారు. కెమెరా ఆపేసుకున్నాను.

శుక్రవారం చిన్నాయన కాల్ చేశాడు. బొమ్మ ఆగలేదు. వానలు పడినాయా, చెనిక్కాయ ఏసినారా, అక్కడ తిండి ఎట్లా అని పది నిమిషాల్లో మాటలన్నీ అయిపోయాయి. తర్వాత ఇద్దరూ ఊరికే ఉన్నారు. చాలాసేపు ఏ శబ్దమూ లేకపోయేసరికి మళ్ళీ తెగిపోయిందేమోనని గడప దగ్గరికి వెళ్ళి తొంగిచూశాను. తెర మీద చిన్నాయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అవ్వ చూస్తోంది.

“పోయిందా అవ్వా?”

“ఉండాది లే. వంట చేసుకోనీ వాణ్ణి” అంది.