ఆగిన ఆట, ఆగని బేరము

సంస్కృతవ్యాకరణమును ఆంగ్లపాఠములును చెప్పుకొని బ్రదుకు బడిపంతులు క్రికెట్టు ప్రసారహక్కులనుగూర్చి వ్రాయుటేమని చదువరులు నవ్వుకొందురేమో. నవ్వుకొనవచ్చును. మాకును మొదట నట్లే తోచినది. కాని 2021వ సంవత్సరము వేసవిలో మా కుటుంబమున జరిగిన సంగతి యొకటి నాటినుండి మమ్ము విడువకున్నది.

ఆ యేడు ఏప్రిలు నెలలో బడులు మూతపడినవి. కోవిడు రెండవమాఱు విజృంభించి, ప్రొద్దుటూరిలో మా వీధికి దినమున కొక చావుకబురు వచ్చుచుండెను. అంతలో జమ్మలమడుగునందు మా మేనమామకు జ్వరము తగిలినది. డెబ్బదియేండ్లు దాటిన రైతు. ఆయనను మిద్దెమీది గదిలో ఒంటిగా నుంచిరి. గుమ్మముకడ అన్నముపెట్టి వెనుకకు తగ్గుటయే కాని లోనికి పోవువారు లేరు. ఆయనకు తోడుగా నున్నది యొక టెలివిజను. రాత్రి యేడున్నరకు ఐ.పి.ఎల్. ఆట మొదలగును, తెలుగున వ్యాఖ్యానము వచ్చును. ఆ గదిలో వినబడు మనుష్యకంఠము లవియే.

మేము మాత్ర మా దినములలో ఆ పోటీలకు బద్ధవిరోధులము. జనులు ఆక్సిజను సిలిండర్లకై పరుగులిడుచుండగా ఈ వేడుక యేల యని వాదించుచుంటిమి. న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆ పోటీల వార్తలను ఇక ప్రచురింపనని ఏప్రిలు 25వ తేదీన ప్రకటించినపుడు మిక్కిలి సంతసించితిమి. ఆనాడే రవిచంద్రన్ అశ్విన్ తనవారికి తోడుగా నుండుటకై ఆటనుండి తప్పుకొనెను. ఇదికదా ధర్మమని మిత్రులకు ఫోనుచేసి మఱీ చెప్పితిమి. ఆ వారముననే మామ ఫోనుచేసి, “అబ్బీ, కేబులు పోయినాది. సెల్లులో ఆట కనపడేటట్టు చేయరా” అనెను. మాఱుమాటాడక అప్పటి డిస్నీ ప్లస్ హాట్‌స్టారునకు 399 రూపాయలు ఏడాదిచందా కట్టితిమి. మా ధర్మోపన్యాస మెంతసేపు నిలిచినదో చదువరులే లెక్కింపగలరు.

ఇంతటి విపత్తులో ఆట నేల యాపలేదు? కొంతవఱకు గణితమే దీనికి సమాధానము. 2018 మొదలు 2022 వఱకు ఐదేండ్ల ప్రసారహక్కులను స్టార్ ఇండియా సంస్థ 16,347.5 కోట్ల రూపాయలకు కొనియుండెను. ఏడాదికి అఱువది యాటల చొప్పున పంచినచో ఒక్కొక్క యాట వెల యించుమించు యేబదినాలుగున్నర కోట్లు. ఆట జరుగనిచో ఆ సొమ్మునకు హక్కు లేదు. పోటీలు పూర్తికానిచో 2,500 కోట్లవఱకు నష్టము రాగలదని నాటి క్రికెట్టు బోర్డు అధ్యక్షుడు సౌరవ్ గంగూలీ చెప్పియుండెను. 2020లో మార్చి 29న మొదలు కావలసిన పోటీలను మానక, సెప్టెంబరులో అరబ్బు ఎమిరేట్లకు తరలించి, ప్రేక్షకులు లేని మైదానములలో నడపుటకును ఇదియే కారణము. ఆ యేడు ఖాళీ మెట్లమీది చప్పట్లను యంత్రములనుండి కలిపి వినిపించిరి. మఱియొక వింత: ఆ యేటి పోటీలకు పేరుపెట్టు హక్కును 222 కోట్లకు కొన్నది డ్రీమ్ ఎలెవన్. అదే సెప్టెంబరులో మన రాష్ట్రప్రభుత్వము జూదచట్టమును సవరించి, ధనము నొడ్డి ఆడు అంతర్జాల క్రీడలను నిషేధించినది. ఆంధ్రదేశమున ఆడరాని యాట పేరు ఆంధ్రులయింట ప్రతిరాత్రియు తెరపై వెలుగుచుండెను.

2021 మే నెల 4వ తేదీ మంగళవారము. ఢిల్లీలో హైదరాబాదు జట్టునకును ముంబయి జట్టునకును ఆట. హైదరాబాదు ఆటగాడు వృద్ధిమాన్ సాహాకు కోవిడు సోకినదని ఆనాడే తేలినది. అంతకుముందే యితర జట్లలోనికిని అది చొచ్చియుండెను. ఇరువదితొమ్మిది యాటలు ముగిసి, ముప్పదియొకటి మిగిలియుండగా పోటీలను నిలిపివేసిరి. రాత్రి ఎనిమిదింటికి మామ ఫోను.

“ఏమిరా అబ్బీ, ఈ పొద్దు ఆట లేదా?”

“నిలిపేసినారు మామా. ఆటగాళ్లకే వచ్చిందంట.”

ఆయన చాలసేపు పలుకలేదు. ఊపిరి మాత్రము వినబడుచుండెను. “సరేలే, అయితే నువ్వే ఏమన్నా మాట్లాడు” అనెను. మాట్లాడితిమి. వేరుసెనగ ధర, మైలవరము నీళ్లు, మా యమ్మ చిన్ననాటి పెంకితనము. పది దాటువఱకు మాట్లాడితిమి. అంతకుముందు పదిదినములు ఆటకు ఒప్పగించి మేము తప్పించుకొన్న పని యదియే. తొమ్మిది రాత్రులు అట్లు గడచిన పిదప జ్వరము విడిచి ఆయన క్రిందికి దిగెను.

ఇదే మే 4ను మఱియొకడు వేఱుగా తలచుకొనును. పులివెందులలో కాపురమున్న మా పాతశిష్యుడు ఆ పోటీలమీద ఫోనులో పందెములు కాచి, తల్లి మెడలోని సరమును తాకట్టు పెట్టియుండెను. బంతి పడిన కొన్ని సెకన్లకు గాని టెలివిజనులో కనబడదనియు, సెల్లులో అంతకంటెను ఆలస్యమనియు, మైదానమున మనుష్యులున్నవాడు ముందే యెఱిగి పందెమును మలపగలడనియు అతడే మాకు నేర్పెను. గురువునకు శిష్యుడు చెప్పిన పాఠము! “ఆ పొద్దు ఆట ఆగిపోయింది గాబట్టి మా యమ్మ చేతి గాజులు మిగిలినాయి సార్” అని తల వంచుకొనెను. ఏమనవలెనో మాకు తోచలేదు.

గాలిలోని తరంగములు ప్రజల సొత్తని సుప్రీముకోర్టు 1995 ఫిబ్రవరిలో, క్రికెట్టు తగవులోనే, తీర్పుచెప్పినది. 2007 నాటి చట్టము ప్రకారము జాతీయప్రాముఖ్యముగల క్రీడల ప్రసారమును ప్రైవేటు సంస్థలు ప్రసారభారతితో పంచుకొనవలెను. భారతజట్టు ఆట లందులో కలవు; ఐ.పి.ఎల్. లేదు. ఆస్ట్రేలియాలో వారి స్వంత ఫుట్‌బాలు పోటీలును 2020 మార్చిలో తొలి విడతతోనే ఆగి, జూను 11న మఱల మొదలై, మెల్బోర్నును విడిచి బ్రిస్బేనులో అంత్యసమరముతో ముగిసెను. అక్కడను సెవెన్, ఫాక్స్‌టెల్ సంస్థలతో బేరములు తిరుగ వ్రాసికొనవలసి వచ్చినది. అయినను చందా లేని యింటికి ఆ యాట చేరునట్లు అచ్చట శాసనము కలదు. మనయెడ ఒక్క అంత్యసమరమునైన దూరదర్శనులో చూపుట యసాధ్యమా? మామవంటి వృద్ధుడు మేనల్లుని చందాకై చేయి చాపవలెనా? వినోదము వినోదమే యని కొట్టిపాఱవేయుటకు మాకిపుడు నోరాడదు. 2022 జూనులో తరువాతి ఐదేండ్ల హక్కులు 48,390 కోట్లకు పోయినవి.

2021 సెప్టెంబరు 19న దుబాయిలో ఆట మఱల మొదలైనది. ఆనాడు మేము జమ్మలమడుగులోనే యుంటిమి. టెలివిజను పెట్టబోగా మామ వద్దని చేయి యూపెను. “ఆ అరుపులు వింటే ఆ గదే గుర్తుకొస్తాది రా” అని అరుగుమీదికి పోయి కూర్చుండెను. చందా యింకను ఏడునెలలు మిగిలియుండెను. అక్టోబరు 15న చెన్నై కలకత్తాను ఇరువదియేడు పరుగులతో ఓడించుట ప్రొద్దుటూరిలో మేమే దానిమీద చూచితిమి.