పలక మీద చుక్క

మా జనరేషన్‌కి జవాబు చెప్పడం కష్టమైన ప్రశ్న ఒకటుంది: ‘మీదే ఊరు?’

నేను పుట్టింది మార్కాపురం. ఇంటర్ హాస్టల్ విజయవాడ, బీటెక్ కాకినాడ, ఉద్యోగం గచ్చిబౌలి. ఇప్పుడు కంపెనీ వాళ్లు జర్మనీ వెళ్తావా అంటున్నారు. అదే వారం నాన్న ఫోన్ చేశాడు: ‘పలకల షెడ్డుకి బేరం వచ్చిందిరా, ఇచ్చేద్దామా?’

మార్కాపురం అనగానే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది పలకలే. ఎంతోమంది అ ఆలు దిద్దిన నల్లరాతి పలకలు మా ఊరి నుంచే వెళ్లేవి. నోటుపుస్తకాలొచ్చాక గిరాకీ పడిపోయింది. మా షెడ్డు మూతపడి పదేళ్లు. ఊళ్లో మాది అని మిగిలింది అదొక్కటే. అదీ అమ్మేస్తే నేను ఎక్కడివాణ్ణి?

ఆ రోజుల్లోనే ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లి, ఒక మ్యూజియంలో ఎస్.హెచ్.రజా బొమ్మ చూశా. మధ్యలో పెద్ద నల్లటి గుండ్రం, చుట్టూ రంగుల గీతలు. మనిషి లేడు, చెట్టు లేదు. ‘ఇందులో ఏముందండీ?’ అని పక్కాయన గొణిగాడు. నాకు మాత్రం తడిగుడ్డతో అప్పుడే తుడిచిన పలక కనిపించింది.

రూముకొచ్చి ఆయన గురించి చదివా. 1922లో మధ్యప్రదేశ్‌లోని బాబరియా అనే పల్లెలో పుట్టారు. బడిలో చూపు నిలవని ఆ పిల్లాడికి మాస్టారు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. 1950లో పారిస్ వెళ్లారు. 1956లో అక్కడి విమర్శకుల బహుమతి గెలిచారు. అంత పేరొచ్చాక కూడా బొమ్మల్లో తనది అనేది ఏదో లేదనిపించి, 1970ల్లో మళ్లీ మళ్లీ ఇండియా వచ్చి తిరిగారు. ఆ తర్వాతే చిన్నప్పటి చుక్క ‘బిందు’ అయి ఆయన కాన్వాస్ నిండా కూర్చుంది.

అబ్‌స్ట్రాక్షన్ అనే మాట కోడింగ్‌లోనూ ఉంది. లోపలి వివరాలు దాచేసి, అవసరమైనదే బయట ఉంచడం. మీరు ఫోన్‌లో ఒక బటన్ నొక్కుతారు, వెనక వేల లైన్లు నడుస్తాయి. కనిపించనంత మాత్రాన అవి లేనట్టు కాదు కదా! రజా చుక్కలో బాబరియా అడవి కనిపించదు. కానీ లోపల నడుస్తూనే ఉంటుంది.

తిరిగొచ్చాక ఒక కాన్వాస్, నాలుగు యాక్రిలిక్ రంగు ట్యూబులు కొన్నా. రెజ్యూమెలో ఉన్నవన్నీ తీసేస్తే నాలో ఏ రంగు మిగులుతుందో చూద్దామని. డిగ్రీ, కంపెనీ, జీతం అన్నీ పక్కన పెడితే, నాన్న గోళ్లలో ఎప్పుడూ ఉండే రాతిపొడి గుర్తొచ్చింది. ఆ బూడిదరంగు కలపడానికే మూడు ఆదివారాలు పట్టింది. దాన్ని పొరలు పొరలుగా అడ్డంగా పూశా, పలకరాయి విడదీసినప్పుడు కనిపించే పొరల్లా.

ఫొటో తీసి నాన్నకి వాట్సాప్ చేశా. ఇదేం బొమ్మరా అంటాడనుకున్నా. కాసేపాగి ఫోన్ చేసి, ‘రాయి తడిసినప్పుడు ఇంకా నల్లగా ఉంటుందిరా’ అన్నాడు. నేనేం వేశానో చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది.

దాదాపు 60 ఏళ్లు ఫ్రాన్స్‌లో ఉన్న రజా చివరికి ఢిల్లీ తిరిగొచ్చారు. 2016లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే మండ్లాలో తండ్రి సమాధి పక్కన ఖననం చేశారు. అంత దూరం వెళ్లినవాడికి ఊరు పోలేదు. ఊరు పోలేదు కాబట్టి దూరం వెళ్లడానికి భయపడాల్సిన పనీ లేకపోయింది.

షెడ్డు ఇచ్చేయమని నాన్నకి చెప్పేశా. జర్మనీకి సరే అని మెయిల్ పెట్టా. నాలుగో ఆదివారం ఆ బూడిదరంగులో ఇంకాస్త నలుపు కలిపా.