పాట అందరిదీ, పేరెవరిదీ?

పెళ్ళిపందిట్లో మైకు పట్టుకున్న పెద్దమనిషి "ఇప్పుడొక జానపద గేయం" అంటాడు చూడండి, ఆ మాటతో నాకెప్పుడూ పేచీయే. కీర్తనయితే త్యాగయ్యగారిది అంటాం. సినిమా పాటయితే రాసిందెవరో, పాడిందెవరో, ఆఖరికి తెరమీద ఎగిరిందెవరో కూడా చెబుతాం. జానపదం అనేసరికి మాత్రం అదేదో వర్షంలా ఆకాశంలోంచి కురిసినట్టు మాట్లాడతాం. నాట్లు వేస్తూనో, ఉయ్యాల ఊపుతూనో, ఏ మహాతల్లో మొట్టమొదట ఆ మాటలు కట్టి ఉండదూ? ఆవిడ పేరు మనం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అంతే!

ఈ గొడవ నాకెందుకు పట్టుకుందంటే, మా చోడవరంలో ఓ పిల్ల పాటలు కడుతోంది. చోడవరం 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లాలోంచి కొత్తగా పెట్టిన అనకాపల్లి జిల్లాలోకి మారిందన్న మాటే గానీ, చెరకుతోటలూ, స్వయంభూ వినాయకుడి గుడీ, మా యాసా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ పిల్ల పాటల నిండా ఉండేవి కూడా అవే. తెల్లారేసరికి అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీ బస్సెక్కుతుంది. రోజంతా మిషను ముందు కూర్చుని కుడుతుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన చేరి పాట కడుతుంది. జాతర్లకీ, గౌరమ్మ సంబరాలకీ ఎవరైనా పిలిస్తే వెళ్ళి పాడుతుంది.

"పాడినందుకు ఏమిచ్చారే?" అని అడిగాను ఓసారి.

"సీరెట్టారు పిన్నీ, బోయినం ఎట్టారు. డోలు వాయించినోళ్ళకి డబ్బులిచ్చారు."

చూశారా లెక్క! డోలు కొనుక్కున్నది గనక దానికి అద్దె. గొంతు దేవుడు ఊరికే ఇచ్చాడు గనక దానికి చీర. వాళ్ళమ్మ మాత్రం, "పాటలు కూడెడతాయేటమ్మా? మీరైనా సెప్పండి" అని నా దగ్గర మొరపెట్టుకుంటుంది. ఫ్యాక్టరీ మానేసి పాటలే చూసుకుంటానంటోందిట ఈ పిల్ల. తల్లి భయం తల్లిది. పెరటి చెట్టు మందుకు రాదని మనవాళ్ళు ఊరికే అన్నారా?

అలాగని ఈ దారిన ముందు నడిచినవాళ్ళు లేకపోలేదు. కాకినాడలో 1920లో పుట్టిన వింజమూరి అనసూయాదేవి గారూ, చెల్లెలు సీతాదేవి గారూ పల్లెపాటను తెచ్చి కచేరీ వేదిక మీద కూర్చోబెట్టారు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి 'జయ జయ ప్రియభారత'కు బాణీ కట్టింది ఈ అనసూయమ్మే. హార్మోనియం ముందు కూర్చుని ఆడవాళ్ళ దంపుళ్ళ పాటల్నీ, లాలిపాటల్నీ పెద్దల సభలో పాడి, ఇవీ సంగీతమే అనిపించిందావిడ. 2019లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో, అమెరికాలోని హూస్టన్‌లో కన్నుమూసింది.

ఇక మన ఉత్తరాంధ్రకు వస్తే వంగపండు ప్రసాదరావుగారు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు పని చేశాడాయన. మిషన్ల మధ్య తిరిగిన మనిషి కనకనే 'యంత్రమెట్టా నడుస్తున్నదంటే' అని పాట కట్టగలిగాడు. మూడు వందలకు పైగా పాటలు కట్టి, 2020 ఆగస్టులో వెళ్ళిపోయాడు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' ఎవరిదని మా బంధువుల్లో పదిమందిని అడిగాను. ఇద్దరు ఆయన పేరు చెప్పారు. తక్కిన ఎనిమిది మందీ "జానపదం కదండీ" అనేశారు. పాట అంత బాగా జనంలో కలిసిపోయిందని సంతోషించాలో, మనిషి పేరు అంత తొందరగా చెరిగిపోయిందని బాధపడాలో మీరే చెప్పండి!

మా పిల్లకీ సరిగ్గా ఇదే జరిగింది. తను కట్టిన పాటొకటి సెల్‌ఫోనులో పాడి యూట్యూబ్‌లో పెట్టింది. ఎవరో దాన్ని తీసుకుని, కింద 'జానపదం' అని వేసుకుని తమదిగా పెట్టుకున్నారు. ఆ ఏడు జాతరలో లౌడుస్పీకర్లో అదే పాట మోగుతోంటే, "నా పాటే పిన్నీ!" అని మొహమంతా నవ్వుకుంది. వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "బాణీ మనూరిదే, నాది కాదు. మాటలు నావే కదేటి?" అంది.

ఆ ఒక్క ముక్కలో మొత్తం న్యాయశాస్త్రం చెప్పేసింది సుమండీ! 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం తరతరాల బాణీ ఊరందరిదీ అయినా, కొత్తగా రాసిన మాటలు రాసినవాళ్ళవే. రిజిస్టరు చేయించకపోయినా హక్కు పోదు. రాసినవాళ్ళు బతికున్నంత కాలం, ఆ పైన అరవై ఏళ్ళు ఉంటుంది. 2012లో చేసిన సవరణతో, పాటను కంపెనీకి అమ్ముకున్నా రాయల్టీలో రాసినవాళ్ళ సమాన వాటా వాళ్ళకే దక్కాలి. అలాంటి రాయల్టీలు వసూలు చేసి పంచడానికి 1969 నుంచీ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ అని ఒకటుంది. అయితే పేరు తెలియని మనిషికి ఎవరు మాత్రం ఏం పంచుతారు? మా చుట్టుపక్కల పండిన చెరకు బెల్లమై 'అనకాపల్లి బెల్లం'గా దేశమంతా తిరుగుతుంది. రైతు పేరు ఎవరికీ తెలియదు, నిజమే. కానీ దిమ్మ తూకం వేసినప్పుడు ఎంతో కొంత రైతు చేతిలో పడుతుంది. పాటకి ఆ తూకం కూడా లేదాయె. పేరొక్కటే దానికి తూకం.

ఈ సంగతి మన పూర్వులకి చట్టాలేవీ లేనప్పుడే తెలుసు. వేమన పద్యం చివర తన పేరు పెట్టుకున్నాడు. క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి పెట్టుకున్నాడు. తరిగొండ వెంగమాంబ తమ ఊరి నరసింహస్వామిని పెట్టుకుంది. ముద్ర లేని పాట విలాసం లేని ఉత్తరమే. ఆ మాటే మా పిల్లతో చెప్పి, పాట రాసిన తేదీ నోటు పుస్తకంలో వేసుకోమన్నాను. శ్రద్ధగా విని, ఆఖరి చరణంలో తన పేరూ, చోడవరం పేరూ కలిపి కట్టింది. వారం తిరక్కుండానే వచ్చి, "ఈ రోజుల్లో ఆకరి సరణం దాకా ఎవలింటారు పిన్నీ?" అని, ముద్రని తీసుకెళ్ళి పల్లవిలో పెట్టేసుకుంది. త్యాగయ్యగారి శ్రోతలకి ఉన్న ఓపిక సెల్‌ఫోను శ్రోతలకి లేదని నాకు తోచలేదు, దానికి తోచింది. ఫ్యాక్టరీ ఉద్యోగం మాత్రం ఇంకా మానలేదు. పాటల డబ్బు జీతానికి సమానమైన నెలలు వరసగా ఆరు వస్తే అప్పుడు చూద్దామని తల్లీ కూతుళ్ళిద్దరూ ఒప్పందానికి వచ్చారు.

ఆ ఆరు నెలలు రావడం ఆ పిల్ల గొంతు చేతిలో ఎంతుందో, మన చేతిలోనూ అంతే ఉంది. ఈసారి మీ ఇంట్లో శుభకార్యానికి ఏ పిల్లనైనా పాడమని పిలిస్తే, చీరతో పాటు ఒక కవరు కూడా ఇవ్వండి. కవరు మీద రాయాలంటే, "నీ పేరేమిటమ్మా?" అని అడగక తప్పదు కదా!