ఇరువాచి ఇల్లు

మన విరుదునగర్ జిల్లాలో ఎండిన నేలే ఎక్కువ. పడమర శ్రీవిల్లిపుత్తూరు, మేఘమలై కొండల్లో మాత్రం పెద్ద అడవి ఉంది. ఇరువాచి అనే పెద్ద పక్షి అక్కడ ఉంటుంది. హిమాలయాల కింది అడవుల్లో, సుమత్రా దీవిలో కూడా ఉంది. అయినా 2018 నుంచి ఆపదలో ఉన్న పక్షుల లెక్కలో చేరింది.

ఆడపక్షి ముసలి చెట్టు తొర్రలో దూరి, వాకిలి మూసుకుని గుడ్లు పెడుతుంది. సన్న సందులోంచి మగపక్షి పండ్లు అందిస్తుంది. మగదాన్ని వేటాడితే లోపలి తల్లికీ పిల్లకీ తిండి తెచ్చేది ఎవరు? చెట్టు కొట్టేస్తే ఇల్లే లేదు. అది తిని విడిచిన గింజలే మళ్లీ అడవి అవుతాయి.

2021లో ఆ కొండలు పులుల అభయారణ్యం అయినాయి. మనం మొక్కలు నాటుతాము, మంచిదే. కానీ ఈరోజు నాటిన మొక్కకి అంత తొర్ర రావాలంటే మన మనవళ్లు ముసలివాళ్లు కావాలి గదా! అందుకే ఉన్న ముసలి చెట్లని కాపాడాలి.