అయితే, అయితేనే

పోయిన సంచికలో పొడుపుకథలు బాగున్నాయి. ఈసారి నేను రీజనింగు గురించి రాస్తున్నాను. పేరు చూసి పక్క కాగితం మీదికి పోవద్దు.

చదువు అయ్యాక మనలో చాలామంది కానిస్టేబులో, రైల్వేయో, గ్రూప్సో రాస్తాం. వాటిల్లో రీజనింగు ప్రశ్నలుంటాయి. కానిస్టేబులు పరీక్షకు చదివిన మా ఊరి అన్న ఒకాయన తన పుస్తకం నాకిచ్చాడు. అట్ట లేదు. “ఇలా అయితే అలా” అనే ప్రశ్నల దగ్గరే పెన్సిలు కొట్టివేతలు ఎక్కువ. అందుకని ఆ పాఠమే ముందు పట్టుకున్నాను.

ప్రశ్న ఇలా ఉంటుంది. “ఇక్కడ వాన పడితే వాగు పొంగుతుంది. వాగు పొంగింది. కాబట్టి ఇక్కడ వాన పడింది.” సరైనదేనా? చదవగానే సరే అనిపిస్తుంది. కాని మన వాగుల సంగతి మనకు తెలియదా? ఇక్కడ చుక్క పడకపోయినా పై కొండల్లో పడితే మధ్యాహ్నానికి వాగు ఎర్రగా వచ్చేస్తుంది. వాన పడింది కాబట్టి పొంగింది అనవచ్చు. పొంగలేదు కాబట్టి పడలేదు అనవచ్చు. పొంగింది కాబట్టి పడింది అనీ, పడలేదు కాబట్టి పొంగలేదు అనీ మాత్రం అనకూడదు. పాఠమంతా ఇంతే, మిగతా పేజీల్లో ఉన్నవి దీనికి వేషాలు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. పూర్వం మన న్యాయశాస్త్రం వాళ్ళు కూడా కొండ మీది పొగనే ఉదాహరణగా పెట్టుకున్నారు. పోడు కాల్చే రోజుల్లో మనం చూసే పొగే అది! కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, వంటింట్లో లాగా అన్నారు. తిరగేసి నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది అంటే చెల్లదని, దానికి ఎర్రగా కాలిన ఇనుపగుండును చూపించారు. కమ్మరి కొలిమి దగ్గర నిలబడ్డవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

1966లో పీటర్ వాసన్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు కార్డుల ప్రశ్న ఒకటి పెట్టాడు. మన అక్షరాలతో చెబుతాను. ఒక్కో కార్డుకు ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనిపించేవి అ, క, 4, 7. “ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది” అన్నది నిజమో కాదో తేల్చాలంటే ఏ కార్డులు తిప్పాలి? చాలామంది అ, 4 అంటారు. జవాబు అ, 7. 4 వెనక ఏమున్నా ఆ మాటకు నష్టం లేదు. 7 వెనక అచ్చు ఉంటే మాట అబద్ధమైపోతుంది.

ఇదే ప్రశ్నను మా గదిలో ఇంకోలా అడిగాను. “గేటు దాటినవాడి దగ్గర చీటీ ఉండాలి.” ఒకడు బయట ఉన్నాడు, ఒకడు గదిలో ఉన్నాడు. ఒకడి దగ్గర చీటీ ఉంది, ఒకడి దగ్గర లేదు. వాచ్‌మన్ తాత ఎవరిని ఆరా తీయాలి? కార్డులకు తడబడినవాళ్ళే ఠక్కున చెప్పారు: బయట ఉన్నవాణ్ణి, చీటీ లేనివాణ్ణి. (ఈ విషయంలో కొందరికి అనుభవం ఎక్కువ, పేర్లు రాయను.) అమెరికాలో కూడా 1982లో గ్రిగ్స్, కాక్స్ అనేవాళ్ళు బీరు తాగే వయసు నియమంతో అడిగితే చాలామంది సరిగ్గా చెప్పారట. కాబట్టి పరీక్షలో అక్షరాలు, అంకెలు వస్తే గాబరా పడకుండా గేటునూ చీటీనీ తలుచుకోండి.

ఇక అసలు సంగతి. “చీటీ ఉంటే పంపుతారు” అంటే చీటీ చాలు. “చీటీ ఉంటేనే పంపుతారు” అంటే చీటీ లేకపోతే పంపరు, ఉన్నా పంపకపోవచ్చు. ఒక్క “నే”తో దారి తిరిగిపోయింది. మా ఇంట్లో మాట కువి. మీలో సవర, ఆదివాసీ ఒడియా ఇళ్ళవాళ్ళున్నారు. బడికొచ్చాకే తెలుగు నేర్చుకున్నవాళ్ళకు చదివే తొందరలో ఆ “నే” కంటికి ఆనదు. ఒక్కోసారి లేని చోట కూడా మనమే కలిపేసుకుంటాం. ప్రశ్న చదివేటప్పుడు దాని కింద గీత గీయండి.

లేని “నే” ఎక్కడుందో చెబుతాను. మా డార్మిటరీ గోడ మీద “చలిజ్వరం వస్తే వెంటనే చెప్పాలి” అని రాసి ఉంది. పోయిన వానాకాలం ఆరో తరగతి తమ్ముడొకడు మూడు రోజులు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. చలి రాలేదు, వస్తేనే చెప్పాలనుకున్నాడు. పక్క మంచం వాళ్ళు “మలేరియా అయితే చలి వస్తుంది, వీడికి రాలేదు, కాబట్టి మలేరియా కాదు” అన్నారు. పుస్తకం ప్రకారం అది నూటికి నూరు మార్కుల జవాబు! ఏనుగులు ఎగురుతాయని ఇచ్చినా నమ్మి లెక్క కట్టాల్సింది పరీక్షలో. ఇక్కడ మొదటి మాటే పూర్తిగా నిజం కాదు. మలేరియాలో, ముఖ్యంగా ఫాల్సిపారంలో, చలీ వణుకూ రాకపోనూవచ్చు. ఏఎన్ఎం అమ్మ వచ్చి వేలు పొడిచి కిట్టు మీద రక్తపు చుక్క వేసింది. కాసేపటికి రెండో గీత కూడా పడింది. ఆ రోజే మందు మొదలుపెట్టారు, తమ్ముడు ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు.

వార్డెన్ గారికి మనవి. ఆ గోడ మీద “ఏ జ్వరం వచ్చినా, చలి ఉన్నా లేకపోయినా, ఆ రోజే చెప్పాలి” అని మార్పించండి. రంగు డబ్బా ఇప్పిస్తే ఆదివారం మేమే రాస్తాం. కింద కువిలోనూ సవరలోనూ కూడా రాస్తాం.

— పదవ తరగతి విద్యార్థి